నిర్జన తీరం

యాట్ మీద మూడు రోజుల విహారానికి వచ్చేవాళ్లు ఏమేం ఆశించవచ్చో తెలుగులో రాసిపెట్టమని నన్ను అడిగారు. పెద్ద పెట్టెలు తేకూడదు, గదుల్లో పట్టవు, మెత్తటి సంచులే తేవాలి. చెప్పులు ఎక్కేచోట బుట్టలో వదలాలి. స్నానానికి మంచినీళ్లు మనిషికి రెండు బకెట్లే. మరుగుదొడ్డిలో కాగితం వేయకూడదు, పంపు పిడి పదిసార్లు కొట్టాలి. ఇవన్నీ రాయడం తేలికే. వాళ్లిచ్చిన ఇంగ్లీషు పుస్తకం చివర ఉన్న రెండు వాక్యాల దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

"మా నౌక మీద ఊగిసలాట ఉండదు, వాంతులు ఉండవు. ఎదురుగా కనిపించేది నిర్జన తీరం."

ఆ తీరంలోనే మా ఇల్లు ఉంది. పెదమెట్టపాలెంలో నూట ముప్పై ఇళ్లున్నాయి. హైస్కూలు ఉంది, ఐసు గది ఉంది, మూడంతస్తుల తుపాను షెల్టరు ఉంది. నిర్జనమంటే మనుషులు లేనిదని ఆరో తరగతిలోనే చదువుకున్నాను.

ఆ పుస్తకం నా చేతికి రావడానికి నెల ముందు మా తెప్ప బోల్తా పడింది. ముందు ఆ సంగతి చెప్పాలి.

మా ఊళ్లో రేవు లేదు. తెప్పలు కెరటాలు దాటుకుని నేరుగా ఇసుక మీదికి రావాలి. కెరటాలు గుంపులుగా వస్తాయి. మూడు పెద్దవి, వాటి వెనక రెండు బక్కవి, తర్వాత కాసేపు సందు. ఆ సందులోనే ఇంజను పూర్తిగా తిప్పి తెప్పను గట్టెక్కించాలి. సముద్రం వైపు నుంచి వచ్చేవాళ్లకు కెరటం వీపే కనిపిస్తుంది, ముఖం కనిపించదు. అందుకని మా దగ్గర ప్రతి తెప్పకూ గట్టున ఒక మనిషి నిలబడతారు. ఆ ఇంటి మనిషే నిలబడాలి, పరాయి చెయ్యి నమ్మరు. కెరటాలు లెక్కపెట్టి సందు రాగానే తువ్వాలు ఎత్తాలి. పన్నెండో ఏట నుంచి మా తెప్పకు తువ్వాలు ఎత్తింది నేనే. నలుగురి ముందు నోరు తెరవలేని దాన్ని. తువ్వాలు చేతిలో ఉంటే మాత్రం అంత దూరంలో ఉన్న అయ్యతో మాట్లాడుతున్నట్టే ఉండేది.

ఆ రోజు పద్నాలుగో తేదీ. మూడు పెద్దవి పోయాయి. రెండు బక్కవి పోయాయి. నీళ్లు పరుచుకున్నాయి. తువ్వాలు ఎత్తాను. మా అయ్య మసేను తెప్ప వెనక భాగంలో ఇంజను దగ్గర, చిన్నాన్న దానయ్య తెప్ప ముక్కున. తెప్ప సగం దూరం వచ్చాక వాళ్ల వెనక ఒకే ఒక్క కెరటం లేచింది. దానికి ముందూ ఏమీ లేదు, వెనకా ఏమీ లేదు. అటువంటి కెరటాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. తెప్ప నిలువునా లేచి బోర్లా పడింది. అయ్య ఈదుకుంటూ వచ్చాడు. చిన్నాన్న దాని కింద ఉండిపోయాడు. తీసేసరికి ప్రాణం ఉంది, నడుము లేదు.

పెద్దాసుపత్రి నుంచి ఇరవై రోజుల తర్వాత మంచం మీద ఇంటికి తెచ్చారు. ఇక లేచి నిలబడడని డాక్టర్లు చెప్పారు.

"గుంట పరాకున ఉన్నాది," అన్నారు ఊళ్లో.

"పుస్తకాలు పట్టుకు తిరిగే గుంటకి లెక్క తప్పదేటి మరి."

లెక్క తప్పలేదని నాకు తెలుసు. ఆ మాట ఎవరికి చెప్పను, ఎలా చెప్పను. తువ్వాలు ఎత్తిన ప్రతిసారీ నేను రాసుకునే నోట్సులో అది ఉంది, అయిదూ పదిహేనుకి తువ్వాలు ఎత్తానని, మూడూ రెండూ పోయాకే ఎత్తానని. నోట్సు ఎవరు చదువుతారు. అయ్య నన్ను ఒక్క మాట తిట్టలేదు. తెప్ప బాగుచేసి మళ్లీ సముద్రం మీదికి వెళ్లే ముందు రోజు తువ్వాలు తీసి అమ్మ చేతికి ఇచ్చాడు.

"రేపట్నుంచి నువ్వే నిలబడు కాసులమ్మా," అన్నాడు. నా వైపు చూడలేదు. తిడితే బాగుండేది.

ఆ వారంలోనే తెలుగు మేష్టారు నన్ను పిలిచి యాట్ వాళ్లకు తెలుగు రాసేవాళ్లు కావాలన్నారు. రెండు నెలల కిందట వచ్చి మైలు దూరాన లంగరు వేసుకుంది అది. తెల్లగా, రెండు తెరచాపలతో, పేరు సాగరిక. చుట్టూ ఇరవై నాలుగు పసుపు బోయలు, పీపాల్లాంటి తేలుడు గుండ్లు, గొలుసుకట్టుగా తేలుతుంటాయి. అమ్మ వాళ్లకు రొయ్యలు అమ్ముతుంది. చూడకుండా రాయలేవు కదా, ఒక పూట వచ్చి చూసి వెళ్లమని మేనేజరు శశిధర్ కబురు పెట్టాడు.

వెళ్లాను. మొట్టమొదట నన్ను ఆశ్చర్యపెట్టింది టీ. బయట సముద్రం అంతా ఎగిసిపడుతోంది. సరుకు పడవలో వచ్చేటప్పుడు నా గౌను మోకాళ్ల దాకా తడిసింది. బోయల గొలుసు దాటగానే పడవ కదలడం మానేసింది. పైన బల్ల మీద నిండా పోసిన టీ కప్పులు పదకొండు ఉన్నాయి. ఒక్కదానిలోనూ టీ వణకడం లేదు. అతిథులు వాటిని ఫోటోలు తీసుకుంటున్నారు.

"దీని పేరు నిమ్మళం," అంది చారుశీల మేడం. కెరటాలను అణిచే ఆ యంత్రం కనిపెట్టింది ఆవిడే. నలభై ఏళ్లుంటాయి. ఎండకి ముక్కు తోలు ఊడింది, చొక్కా మీద గ్రీజు మరకలు. నన్ను కింది మెట్టు దాకా తీసుకెళ్లి, దగ్గరగా ఉన్న బోయ మీద చెయ్యి పెట్టమంది. "నొక్కు."

నొక్కాను. అది కిందికి పోకుండా నా చేతిని పైకి నెట్టింది. వదలబోతే చేతిని కిందికి లాగింది.

"నువ్వు చేసేదానికి అడ్డంగా చేస్తుంది చూశావా. కెరటం వచ్చినా అంతే. కెరటం బలమంతా దీని పొట్టలోకి పోతుంది. ఏసీలు, లైట్లు, వంట, అన్నీ ఆ బలంతోనే."

"నిండిపోతే మేడం?" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. రెండోసారి అడగాల్సి వచ్చింది.

ఆవిడకు ఆ ప్రశ్న నచ్చింది. లోపల గోడకున్న మీటరు ముల్లు చూపించింది. అది ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి చూస్తే బోయలు పొద్దుటి కంటే లోతుగా మునిగి ఉన్నాయి, నిండు కడవల్లాగా. "నిండితే వదిలేయాలి. ఇదిగో ఇలాగ," అని తాళం చెవి తిప్పింది.

ఒడ్డు వైపున్న బోయలన్నీ ఒకేసారి పైకి ఎగిరి తేలాయి. ముల్లు సున్నాకి పడింది. యాట్ అణువంత కూడా కదల్లేదు. బోయల అవతల నుంచి ఒకే ఒక్క కెరటం లేచి, నల్లటి మోకు లాగినట్టు, తీరం వైపు వెళ్లిపోయింది. దానికి ముందూ ఏమీ లేదు, వెనకా ఏమీ లేదు.

ఆ కెరటాన్ని నేను ఎరుగుదును.

"పద్నాలుగో తేదీ సాయంత్రం ఎన్నింటికి వదిలారు మేడం?"

ఆవిడ నవ్వుతూనే, వదిలిన వేళలు రాసే పుస్తకం తిరగేసింది. "అయిదూ పదకొండు. ఎందుకూ?"

"ఒడ్డుకు చేరడానికి ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు." అప్పుడు నవ్వు ఆగింది. "అక్కడ ఎవరున్నారు?"

"మేమున్నాం," అన్నాను.

ఆవిడ సొరుగు లోంచి మ్యాపు తీసింది. అందులో మా తీరం ఇసుక రంగులో ఉంది, పైన నిర్జన తీరం అని అచ్చు వేసి ఉంది. కంపెనీ ఇచ్చిన మ్యాపు అదేనట. ఆ కాగితం చూసి ఆవిడ రెండేళ్లు లెక్కలు కట్టిందట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. తల ఎత్తితే తుపాను షెల్టరు కనిపిస్తుంది. మా ఐసు గది రేకులు ఎండలో మెరుస్తాయి. అమ్మ రోజూ రొయ్యలు తెచ్చి ఆవిడ చేతికే ఇస్తుంది. ఆ రొయ్యలు ఎక్కడి నుంచి వస్తున్నాయనుకుంది ఆవిడ. యాట్ మీద కుర్చీలన్నీ సముద్రం వైపు తిప్పి వేసి ఉంటాయి. మా వైపు గదులకు తెరలు దించి ఉంటాయి. మేం కనపడక కాదు, చూడక్కర్లేదనుకుని చూడలేదు.

చిన్నాన్న సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడింది.

శశిధర్‌కు కూడా చెప్పాను. ఆవిడే నన్ను పక్కన నిలబెట్టి చెప్పించింది.

"సముద్రమన్నాక కెరటాలు రావామ్మా? మేం రాకముందు మీ బోట్లు ఎప్పుడూ తిరగబడలేదా?" అన్నాడు అతను.

"సముద్రం వైపు వదలండి సార్."

"అతిథులు అటే కూర్చుంటారు. చూస్తే హడలిపోరూ?" అని నా భుజం తట్టాడు. "నువ్వు చక్కగా రాస్తావట. నువ్వు రాయి, మిగతావి మేం చూసుకుంటాం."

తెప్పలు లేనప్పుడే వదులుతానని చారుశీల మేడం మాట ఇచ్చింది. ఇంటికి వచ్చి అయ్యకు చెప్పాను. వలకు ముడులు వేస్తూ అంతా విన్నాడు.

"అవ్వొచ్చు," అన్నాడు. "నీ తప్పు కాదని నీకు నువ్వే సెప్పుకోడం కూడా అవ్వొచ్చు. నానేటి సెప్పగల్ను."

మంచం మీద నుంచి చిన్నాన్న నవ్వాడు. "ఓలమ్మా, అయితే నా మీదెక్కింది కరెంటు కెరటమన్నమాట. మరి నా ఒంట్లో బల్బు ఎలగలేదేటే?" ఎవరూ నవ్వకపోతే, తనే మళ్లీ అన్నాడు. "ఆలకి వాంతులవకుండా ఉండడానికి నాను మంచం మీద దొడ్డికెళ్తన్నాను. బాగుంది."

నాకు ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత పదిరోజులకు, రాసిన కాగితాలు ఇవ్వడానికి మళ్లీ వెళ్లాను. ఆ చివరి రెండు వాక్యాలు నేను రాయలేదు. ఆ వేళ గాలి ఎక్కువగా ఉంది. మా ఊరి అయిదు తెప్పలు కెరటాలకు ఇవతల ఆగి ఉన్నాయి. అందులో మాది ఒకటి. గట్టున అమ్మ తువ్వాలు చుక్కలాగా కనిపిస్తోంది. బోయలు పసుపు కనపడకుండా మునిగి ఉన్నాయి. లోపల మేడం, శశిధర్ గొడవపడుతున్నారు.

"ఇంకో పది నిమిషాలకు మించి ఆపలేం. ఇప్పుడే వదిలేయండి, తర్వాత భోజనాలు పెట్టాలి," అంటున్నాడు అతను.

"ఎదురుగా అయిదు బోట్లున్నాయి శశిధర్ గారూ."

"ఎప్పుడూ ఉంటాయి. మరి ఏం చేద్దామంటారు?"

"నాలుగు వైపులా ఒకేసారి వదిలితే ఏ వైపుకీ పెద్ద కెరటం పోదు. మధ్యలో ఉన్న మనం మాత్రం ఊగుతాం. రెండు నిమిషాలు."

"అతిథులు ఒప్పుకోరు."

"అడిగారా?"

ఆవిడ నా వైపు చూసింది. ఆవిడే వెళ్లి అడగొచ్చు కదా అనుకున్నాను. అయినా అయ్య తెప్ప అక్కడుంది. మెట్లెక్కి పైకి వెళ్లాను.

పదకొండు మంది ఉన్నారు. నా ఎదురుగా అన్ని ముఖాలు ఎప్పుడూ లేవు. బల్ల అంచు పట్టుకుని కిందికి చూస్తూ మాట్లాడాను. ఈ నిమ్మళం ఎక్కడి నుంచి వస్తుందో, మిగిలింది ఎక్కడికి పోతుందో చెప్పాను. అవిగో ఆ చుక్కలు తెప్పలని, ఒక దానిలో మా అయ్య ఉన్నాడని, మా చిన్నాన్న మంచంలో ఉన్నాడని చెప్పాను. రెండు నిమిషాలు మీరు పట్టుకుని కూర్చుంటే చాలన్నాను.

ఒకతను ఫోను ఎత్తి నన్ను వీడియో తీయడం మొదలుపెట్టాడు.

"మేం ఊగనీకి రాలే పాపా. ఊగదని రాసిండ్రు గనకనే ఇంత దూరం వచ్చినం. మీకేమన్న ఉంటే కంపెనీతోని మాట్లాడుకోన్రి," అన్నాడు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి.

"మా బాబుకి పడదమ్మా, వాంతి చేసుకుంటాడు," అంది ఒకావిడ. ఆవిడ చెడ్డది కాదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

కాకినాడ నుంచి వచ్చిన ముసలావిడ ఒకరు గ్లాసు కింద పెట్టి నిఠారుగా కూర్చున్నారు. "రెండు నిమిషాలేనా అమ్మాయీ? పురుళ్లు పోసుకున్నవాళ్లం, ఆమాత్రం ఓర్చుకోలేమా. ఏవండీ, ఆ కప్పులు తీయించండి," అన్నారు పక్కనున్న ఆయనతో. ఆయన తీయలేదు.

లెక్క చూస్తే ఒప్పుకున్నది ఆవిడ ఒక్కరే. పదకొండు మందిలో ఒకరు. ఇంతలో కింద తాళం తిరిగిన చప్పుడు వినిపించింది. ఎవరి ఒప్పుదలా లేకుండానే చారుశీల మేడం తిప్పేసింది.

ఇరవై నాలుగు బోయలూ ఒకేసారి లేచాయి. మొదట యాట్ పైకి తేలింది, తర్వాత ఎడమకు ఒరిగింది, తర్వాత కుడికి. కప్పులు, రొయ్యల వేపుడు, కుర్చీలు, టోపీ, అన్నీ ఒక పక్కకు జారాయి. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు, ఎవరో శశిధర్‌ను తిట్టారు. నేను కడ్డీ పట్టుకుని తీరం వైపే చూస్తున్నాను. మా వైపుకు పోయింది బెత్తెడు ఎత్తు అల. అది గట్టుకు చేరకముందే ఇసుకలో ఇంకినట్టు పోయింది. అమ్మ తువ్వాలు లేచింది, మిగతా తువ్వాళ్లూ లేచాయి. ఒకదాని వెనక ఒకటి, అయిదు తెప్పలూ గట్టెక్కాయి.

టోపీ పెద్దమనిషి కడ్డీ మీద వాలి వాంతి చేసుకుంటున్నాడు. నాకు జాలి వేయలేదు. అప్పుడు వేయలేదు, ఇప్పుడూ వేయదు.

ఆ పదకొండు మందికీ కంపెనీ క్షమాపణ ఉత్తరాలు రాసింది. సాంకేతిక లోపం వల్ల అసౌకర్యం కలిగిందట. మా చిన్నాన్నకు ఏ ఉత్తరమూ రాలేదు. చారుశీల మేడంను ఉద్యోగం నుంచి తీసేశారు. వెళ్లేముందు ఆవిడ మా ఇంటికి వచ్చింది. చిన్నాన్న మంచం పక్కన నేల మీద కూర్చుని, వదిలిన ప్రతి కెరటం తేదీ, సమయం రాసిన పుస్తకాన్ని అయ్య చేతిలో పెట్టింది. దాని నకళ్లు ముగ్గురు అధికారులకు పంపానని చెప్పింది. "నేను ఒక్కసారి తల ఎత్తి ఉంటే," అని మొదలుపెట్టి ఆపేసింది.

"ఇప్పుడెత్తినారు కదమ్మా," అన్నాడు చిన్నాన్న. "మీ తల లేసింది, నా నడుమే మరి లెగదు." ఆవిడ ఏడ్చింది. మేం ఊరుకోబెట్టలేదు.

ఊళ్లో నా లెక్క తప్పలేదని ఒప్పుకున్నారు. "గుంట మంచిదే, నోరే లేదు గానీ," అన్నారు, అదేదో నాకు ఇచ్చిన బహుమతి అయినట్టు. మర్నాడు కూడా తువ్వాలు అమ్మ చేతిలోనే ఉంది. ఆ మర్నాడూ అంతే. నేను అడగలేదు.

రెండు వారాలకు యాట్ లంగరు ఎత్తి వెళ్లిపోయింది. ఊరంతా సంబరపడింది. ఆ సంబరం ఎనిమిది రోజులే. తెలుగు మేష్టారు కొత్తగా అచ్చయిన పుస్తకం తెచ్చి నాకు ఇచ్చారు. మెత్తటి సంచులు, చెప్పుల బుట్ట, రెండు బకెట్ల నీళ్లు, అన్నీ నా వాక్యాలే. చివర నేను రాయనివి రెండు వాక్యాలు ఎవరో చేర్చారు. ఊగిసలాట ఉండదు. ఎదురుగా కనిపించేది నిర్జన తీరం. కింద తెలుగు సేత అని నా పేరు. పైన కొత్త చోటు పేరు గుల్లలమెట్ట. ఉత్తరాన ముప్పై కిలోమీటర్లు. మా పిన్ని పుట్టిన ఊరి పక్కది. అక్కడా రేవు లేదు. అక్కడా గట్టున నిలబడి లెక్కపెడతారు.

పుస్తకం తీసుకెళ్లి అయ్య ముందు పెట్టాను. నా పేరు చూపించాను.

"ఆ ఊరివాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి కదయ్యా," అన్నాను.

"ఎవులు సెప్తారు?"

"నేను చెప్తాను."

అయ్య నా ముఖంలోకి చూశాడు. చాలా రోజులకు చూశాడు. తర్వాత లేచి వెళ్లి ఇంజనులో నూనె పోశాడు.

తెల్లారగానే బయల్దేరాం. చిన్నాన్న కూర్చునే చోట, ముక్కున నేను కూర్చున్నాను. ఎండ ఎక్కేసరికి గుల్లలమెట్ట కనిపించింది. ఎనభై దాకా ఇళ్లు, ఆరేసిన వలలు, గట్టున తువ్వాలు పట్టుకుని ఎవరి తెప్ప కోసమో చూస్తున్న ఒక ఆడమనిషి. కాస్త లోపలగా తెల్లటి యాట్, దాని చుట్టూ పసుపు బోయలు.

ఆమె మా కోసం నిలబడలేదు. మేం పరాయివాళ్లం, మాకు తువ్వాలు ఎత్తదు. అయ్య కెరటాలకు ఇవతల ఇంజను తగ్గించాడు. తెప్ప పైకీ కిందికీ ఊగుతోంది. తనే లెక్కపెట్టుకుంటాడనుకున్నాను. ఇరవై ఏళ్లుగా సముద్రం మీద ఉన్న మనిషి.

"లెక్కెట్టు," అన్నాడు.

"నేనా?"

"మరెవులున్నారే ఇక్కడ."

ముందు యాట్ వైపు చూశాను. బోయలు ఎత్తుగా తేలుతున్నాయి, ఇంకా నిండలేదు. అప్పుడు కెరటాల వైపు తిరిగాను. ఇక్కడి నుంచి వీపులే కనిపిస్తాయి. ఒకటి పోయింది. రెండోది పోయింది. మూడోది మా తెప్పను ఎత్తి దించి పోయింది. రెండు బక్కవి. మళ్లీ ఒకసారి బోయల వైపు చూసి, చెయ్యి ఎత్తాను.

అయ్య ఇంజను పూర్తిగా తిప్పాడు.